పిల్లల నోరు మూయించి ఇంగ్లిష్ నేర్పలేం

మీ అబ్బాయి ఇంగ్లిష్ పాఠం గడగడా చదివేస్తున్నాడా? సంతోషం. ఇవాళ రాత్రి అన్నాలయ్యాక ఒక్క పని చేయండి. ఆ పాఠం ఒకసారి చదివించి, పుస్తకం మూయించి, అందులో ఏముందో ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో చెప్పమనండి. తెలుగు ఇల్లయితే తెలుగులో, ఉర్దూ ఇల్లయితే ఉర్దూలో, తండాలో ఉంటే లంబాడీలో. చెప్పగలిగితే నిశ్చింతగా ఉండండి. తల దించుకుని కూర్చున్నా, అవే ఇంగ్లిష్ వాక్యాలు మళ్లీ అప్పజెప్పినా ఆలస్యం చేయకండి. వాడిది బద్ధకం కాదు, మొద్దుతనమూ కాదు. అక్షరాలు అందాయి, పాఠం అందలేదు.

ఈ పరీక్షకు డబ్బు ఖర్చు లేదు. అమ్మానాన్నలకు ఇంగ్లిష్ రానక్కర్లేదు. అయినా మన ఇళ్లలో చాలామంది చేయం. చదువుతున్న చప్పుడు వినిపిస్తే చాలనుకుంటాం. ఆ చప్పుడు వెనక ఏమీ లేదన్న సంగతి 1, 2 తరగతుల్లో బయటపడదు. బొమ్మలు చూసి, పక్కవాణ్ని చూసి, టీచరు మొహం చూసి పిల్లలు నెట్టుకొచ్చేస్తారు. 6, 7 తరగతులకొచ్చి సైన్సు, సోషల్ పుస్తకాల్లో పేజీ నిండా పేరాలు కనిపించగానే చతికిలబడతారు. అప్పుడు ట్యూషన్ పెడతాం, గైడు కొంటాం, తిడతాం. ఐదేళ్ల కిందట జరిగిన నష్టానికి ఇవేవీ మందు కావు.

ఒక మాట ముందే చెప్పాలి. ఇంగ్లిష్ వద్దనడానికి ఇది రాయడం లేదు. కూలికి వెళ్లే తల్లి తన బిడ్డకు ఇంగ్లిష్ రావాలని కోరుకోవడంలో ఇసుమంత తప్పు లేదు. సొంత పిల్లల్ని ఇంగ్లిష్ బడికి పంపి, ఊళ్లోవాళ్ల పిల్లలకు మాత్రం మాతృభాష గొప్పతనం బోధించేవాళ్లను చూసి ఆ తల్లికి కోపం రావడం న్యాయమే. ఇంగ్లిష్ కావాలి, అందరికీ కావాలి. భయమల్లా నేర్పే తీరు గురించే. ఇంటి భాషను, ఇంటి బతుకును గేటు బయటే వదిలి రమ్మంటే పిల్లవాడికి ఇంగ్లిష్ కూడా రాదు. రెంటికీ చెడతాడు. ఈ ప్రమాదం కళ్లెదుట కనిపిస్తోంది కాబట్టే ఇంత తొందరపడి చెప్పాల్సి వస్తోంది.

గత కొన్నేళ్లలో రెండు రాష్ట్రాల్లోనూ మార్పు చాలా వేగంగా వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో జీవో 85 వచ్చింది. తర్వాతి విద్యా సంవత్సరం నుంచి 1 నుంచి 6వ తరగతి దాకా ఇంగ్లిష్ మీడియమే అన్నారు. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు దాన్ని కొట్టేసింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఇంగ్లిష్ మీడియం విస్తరణ మాత్రం ఆగలేదు. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడుల్లో 1 నుంచి 8 దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది. రెండుచోట్లా ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు ఉండే ద్విభాషా పుస్తకాలిచ్చారు. ఆ ఆలోచన మంచిదే, మెచ్చుకోవాలి. కానీ పుస్తకం మారినంత వేగంగా బోధన మారలేదు. చాలాచోట్ల టీచరు ఇంగ్లిష్ పేజీ చదివి, తెలుగు పేజీ చదివి, ప్రశ్నలకు జవాబులు బోర్డు మీద రాసేస్తారు. పిల్లలు ఎక్కించుకుంటారు. పరీక్షలో దించేస్తారు. గ్రామీణ భారతంలో 5వ తరగతి పిల్లల్లో సులువైన ఇంగ్లిష్ వాక్యాలు చదవగలిగినవాళ్లు నూటికి పాతికమంది లోపేనని 2022 అసర్ సర్వే చెప్పింది. వట్టి చదవడమే ఇలా ఉంటే అర్థం చేసుకోవడం సంగతి మీరే ఊహించండి.

మూడో తరగతి లెక్క ఒకటి దగ్గరగా చూద్దాం. 'రవి హాజ్ ట్వెల్వ్ మ్యాంగోస్. హీ హాజ్ ఫైవ్ మోర్ దాన్ సీత. హౌ మెనీ మ్యాంగోస్ డజ్ సీత హావ్?' పిల్లకు 12 కనిపించింది, 5 కనిపించింది. మోర్ అంటే ఎక్కువ అని బట్టీ పట్టి ఉంది. ఎక్కువంటే కూడాలి. 17 వేసింది. తప్పని ఎర్ర సిరా పడింది. లెక్కల్లో వెనకబడింది అని ప్రోగ్రెస్ కార్డులో రాశారు. అదే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, 'రవి దగ్గర పన్నెండు మామిడిపళ్లున్నాయమ్మా, సీత కంటే వాడి దగ్గర ఐదెక్కువ, మరి సీత దగ్గరెన్ని?' అని అడగండి. వేళ్లు మడిచి 'ఏడు' అంటుంది. సంతలో అమ్మ పక్కన కూర్చుని చిల్లర లెక్కపెట్టే పిల్లకు ఇదొక లెక్కే కాదు. ఆమెకు రానిది ఆ వాక్యం. పడిన ముద్ర లెక్కలు రావని. ఇలాంటి ఎర్ర గీతలు ఏడాదికి ఎన్ని పడుతున్నాయో ఆలోచించండి. నాలుగో తరగతికి వచ్చేసరికి ఆ పిల్లే 'నాకు లెక్కలు రావు సార్' అంటుంది, నమ్మేస్తుంది కూడా.

ఇక్కడ తల్లిదండ్రులు మోసపోయే చోటొకటి ఉంది. పిల్లవాడు ఇంటికొచ్చిన చుట్టంతో 'హలో అంకుల్, హౌ ఆర్ యూ' అంటాడు. ఫోన్‌లో పాటలు పాడతాడు. ఇంగ్లిష్ వచ్చేసిందనుకుంటాం. కెనడాకు వలస వచ్చిన కుటుంబాల పిల్లల్ని పరిశీలించిన విద్యావేత్త జిమ్ కమిన్స్ 1979లోనే ఈ తేడా విప్పి చెప్పారు. ఆటల్లో, పలకరింపుల్లో పనికొచ్చే ఇంగ్లిష్ రెండేళ్లలో వస్తుంది. పాఠం చదివి, కారణాలు వివరించి, జవాబు రాయగలిగే ఇంగ్లిష్‌కు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. అదీ వీధిలో, దుకాణంలో, టీవీలో రోజంతా ఇంగ్లిష్ వినిపించే దేశంలో. మన ఊళ్లలో ఇంగ్లిష్ వినిపించేది ఆ రెండు మూడు పీరియడ్లలోనే. మరి మన పిల్లలకు ఎంత వ్యవధి ఇవ్వాలి? ఆ ఐదేడేళ్లూ లెక్కలు, సైన్సు దేనితో అర్థం చేసుకోవాలి? ఇంటి భాషతోనే. ఒక భాషలో ఆలోచించడం గట్టిపడిన పిల్లలు ఆ బలాన్ని రెండో భాషలోకి తెచ్చుకుంటారని కూడా ఆయనే చెప్పారు. ఇంటి భాష ఇంగ్లిష్‌కు అడ్డు కాదు. ఇంగ్లిష్ నిలబడేది దాని మీదే.

టీచర్లు, మీరు ఒకటి గమనించాలి. కొత్త భాష మధ్య పడిన చిన్నపిల్లలు కొన్నాళ్లు, ఒక్కోసారి నెలల తరబడి, నోరు విప్పరు. వింటుంటారు, మనసులో కూడబెట్టుకుంటుంటారు. ఇది సహజం. ఈ దశలో లేపి నిలబెట్టి జవాబు చెప్పమంటే, చెప్పలేకపోతే నిలబెట్టే ఉంచితే, క్లాసంతా నవ్వితే, ఆ మౌనం భయంగా గడ్డకడుతుంది. పొద్దున్నే కడుపునొప్పి అంటారు. సోమవారం జ్వరం వస్తుంది. అందరితో కలిసి అరిచేటప్పుడు పెదాలు కదుపుతారు, ఒంటరిగా అడిగితే నేల చూపులు చూస్తారు. ఒక్క ప్రశ్నయినా అడగరు. అర్థమైందా అంటే 'ఎస్ టీచర్' అంటారు. అన్నిటికీ ఎస్ అనే పిల్లవాణ్ని చూసి ఎక్కువ కంగారుపడాలి.

ఇంకొందరు పిల్లలు వేరే దారి పడతారు. నాయనమ్మ పలకరిస్తే విసుక్కుంటారు. పేరెంట్స్ మీటింగుకు నాన్న లుంగీతో వస్తానంటే వద్దంటారు. తల్లి బడి దగ్గర గట్టిగా మాట్లాడితే తల తిప్పుకుంటారు. ఇది ఎదుగుదల అని మురిసిపోకండి. ఇంటివాళ్లంటే సిగ్గు నేర్చుకున్న పిల్లలకు ఇంట్లో తెలిసిన విషయాల మీదా నమ్మకం పోతుంది. ఆ పిల్లలతో ఏం రాయించినా పుస్తకంలో వాక్యమే వస్తుంది, వాళ్లదంటూ ఒక్క వాక్యం రాదు.

తెలుగు మాట్లాడితే రూపాయి ఫైను. మాట్లాడినవాళ్ల పేరు రాసి పెట్టే క్లాస్ లీడరు. ఇవి మీరు విననివి కావు. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో, ఇంకెప్పుడూ తెలుగు మాట్లాడనని రాసిన పలకలు వేలాడదీశారు. రాష్ట్రమంతా అట్టుడికింది. తర్వాత మరిచిపోయాం. బ్రిటన్‌లోని వేల్స్‌లో 19వ శతాబ్దంలో సరిగ్గా ఇదే జరిగేది. వెల్ష్ మాట్లాడిన పిల్లవాడి మెడలో ఒక చెక్క ముక్క వేసేవాళ్లు. వాడు ఇంకొకడు మాట్లాడగా పట్టుకుంటే చెక్క ఆ రెండోవాడి మెడలోకి మారేది. సాయంత్రానికి అది ఎవరి మెడలో ఉంటే వాళ్లకు దెబ్బలు. స్నేహితుడి మీద స్నేహితుడు చాడీలు చెప్పేలా చేసిన ఈ పద్ధతిని వేల్స్ ఇప్పటికీ గాయంగానే తలుచుకుంటుంది. అదే వేల్స్‌లో కెన్ విలియమ్స్ అనే విద్యావేత్త, పాఠం ఒక భాషలో చదివించి చర్చ, రాత ఇంకో భాషలో చేయించే పద్ధతిని తీర్చిదిద్ది, 1994లో దానికి పేరు పెట్టారు. ఇవాళ ప్రపంచమంతా రెండో భాషగా ఇంగ్లిష్ నేర్పేవాళ్లు ఆ పద్ధతిని అధ్యయనం చేస్తున్నారు. వాళ్లు వదిలేసిన చెక్కను మనం మళ్లీ చేతిలోకి తీసుకోవద్దు.

చట్టం కూడా పిల్లల పక్షానే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 29వ సెక్షన్, వీలైనంతవరకు బోధన మాతృభాషలో ఉండాలని, పిల్లల్లో భయం, ఆందోళన లేకుండా చూడాలని చెప్పింది. మాతృభాష మాట్లాడినందుకు ఫైను వేసే ప్రిన్సిపాల్‌కు ఈ రెండు సెక్షన్లు మర్యాదగా గుర్తుచేయండి. గొడవ పడనక్కర్లేదు. నలుగురు తల్లిదండ్రులు కలిసి వెళ్లండి.

ఇంతవరకు తెలుగు పిల్లల గురించి. అసలు ఎక్కువ భయపడాల్సింది తెలుగు కూడా ఇంటి భాష కాని పిల్లల గురించి. ఉట్నూరు వైపు గోండి, కొలామి మాట్లాడే పిల్లలు. భద్రాచలం, చింతూరు వైపు కోయ పిల్లలు. సీతంపేట కొండల్లో సవర పిల్లలు. తండాల్లో లంబాడీ పిల్లలు. పాతబస్తీలో ఉర్దూ పిల్లలు. ఇటుక బట్టీల దగ్గర ఒడియా మాట్లాడే వలస కూలీల పిల్లలు. హైదరాబాద్ శివార్లలో అపార్ట్‌మెంట్లు కట్టేచోట హిందీ, భోజ్‌పురి మాట్లాడే పిల్లలు. వీళ్లకు ద్విభాషా పుస్తకంలో రెండు పేజీలూ పరాయివే. ఇంగ్లిష్ పేజీ అర్థం కాకపోతే తెలుగు పేజీ చూడమంటాం. ఆ తెలుగూ బడిలోనే మొదటిసారి విన్న ఆరేళ్ల పిల్ల ఏ పేజీ చూడాలి? ఆశ్రమ పాఠశాలలో ఉంటే రాత్రి పడుకునే ముందు కూడా తన భాషలో మాట్లాడే పెద్దవాళ్లుండరు. దసరా సెలవులకు ఇంటికి వెళ్లి తిరిగి రాని పిల్లల్లో ఇలా మాట రాక ఆగిపోయినవాళ్లు ఎందరో మనం లెక్కపెట్టనైనా లేదు.

తెలంగాణ వాళ్లకు ఈ బాధ విడమరిచి చెప్పనక్కర్లేదు. తమ యాసను సినిమాల్లో ఎగతాళి చేస్తే, పుస్తకాల్లో చోటివ్వకపోతే ఎంత గుచ్చుకుందో వాళ్లకు గుర్తుంది. ఉత్తరాంధ్ర, రాయలసీమ వాళ్లకూ తెలుసు. క్లాసులో గోండు పిల్లవాడు తడబడితే నవ్వే ముందు ఆ గుర్తు ఒక్కసారి మనసులోకి రానివ్వండి.

దారి చూపినవాళ్లు మనలోనే ఉన్నారు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి ఏనాడో సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే పుస్తకాలు రాసి బడులు నడిపారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, దండలు వేస్తాం. సవర బడి సంగతి ఎవరూ ఎత్తరు. ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో 1943లో నిజాం ప్రభుత్వ కాలంలో మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ చొరవతో గోండు పిల్లల చదువు మొదలైంది. గోండుల్లోంచే టీచర్లను తయారు చేశారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వేశారు. పిల్లలు ముందు తమ భాషలో చదవడం నేర్చుకుని, తర్వాత వేరే భాషలకు వెళ్లారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో 8 గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. గోండి, కొలామి, కోయ, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా. తెలుగు లిపిలో ఆ భాషల వాచకాలు తయారయ్యాయి. ఇంత చేసిన నేల ఇది. ఇప్పుడు ఇంగ్లిష్ మీడియం హడావుడిలో ఆ వాచకాలు అటక ఎక్కనివ్వకూడదు.

టీచర్ల సంగతి ఇంకా కంగారు పెట్టేది. ఏజెన్సీ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంటూ 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తీర్పు తీర్పే. కానీ పిల్లల భాష తెలిసిన మనిషి క్లాసులో ఉండాల్సిన అవసరం ఆ తీర్పుతో తీరిపోలేదు. రిజర్వేషన్ ఒక ప్రశ్న, భాష రావడం ఇంకో ప్రశ్న. పిల్లలు మాట్లాడే భాష వచ్చినవాళ్లకే ఆ బడిలో 1, 2 తరగతులు అప్పగించండి. టీచరు దొరక్కపోతే ఊళ్లోంచి ఒక సహాయకురాలిని పెట్టండి. అదీ కాకపోతే కొత్తగా వచ్చిన టీచరుకు మూడు నెలలు ఆ భాష నేర్పించండి. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణంలో ఉంది. అది 1956 నుంచీ ఉంది.

మంచి మనసుతో చేసే పొరపాటు కూడా ఒకటుంది. మా బడిలో అన్ని సంస్కృతులకూ గౌరవమిస్తాం అంటారు. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం చేస్తారు. పిల్లలకు నెమలి ఈకల టోపీ పెట్టి గుస్సాడీ ఆడిస్తారు, థింసా ఆడిస్తారు, ఫొటోలు తీస్తారు. ఆగస్టు 10న అదే పిల్లవాడు క్లాసులో గోండిలో మాట్లాడితే 'ఇంగ్లిష్ ఓన్లీ' అంటారు. ఆట కావాలి, మాట వద్దు అన్నట్టు పిల్లవాడికి అర్థమవుతుంది. ఇంకోచోట రంజాన్ గురించి చెప్పమని ఒక్క ముస్లిం పిల్లనే లేపి నిలబెడతారు, ఆమె ఆ మతానికంతటికీ ప్రతినిధి అన్నట్టు. ఆమెకు ఇష్టమైతే చెబుతుంది. లేకపోతే మిగతా పిల్లల్లాగే కూర్చోనివ్వండి. ఏడాదికో రోజు వేషం కంటే రోజుకు పది నిమిషాల మాట మేలు.

ఆ పది నిమిషాలు ఎలా ఉంటాయంటే, వారసంత పాఠం అనుకోండి. కోయ పిల్లలు, తెలుగు పిల్లలు కలిసి ఉన్న మూడో తరగతి. సంతలో నిన్న ఏం చూశారో బొమ్మ గీయమన్నారు టీచరమ్మ. జంటలుగా కూర్చుని మీకు వచ్చిన భాషలో చెప్పుకోండి అన్నారు. ఆమెకు కోయ రాదు. ఫర్వాలేదు. రెండు భాషలూ వచ్చిన పిల్ల ఒకతె స్నేహితుడి మాటల్ని తెలుగులో చెప్పింది. ఆ పిల్లవాడి అమ్మ చింతపండు అమ్మి ఉప్పు, దీపం బుడ్డి కొంది. తూకంలో వ్యాపారి మోసం చేస్తే గట్టిగా అడిగింది. బోర్డు మీద ముందు తెలుగులో రెండు వాక్యాలు. కోయలో చింతపండును ఏమంటారో పిల్లల్నే అడిగి పక్కన రాశారు. మర్నాడు అవే ఇంగ్లిష్‌లో. 'మై మదర్ వెంట్ టు ద సంత. షీ సోల్డ్ టామరిండ్. షీ బాట్ సాల్ట్.' సంతను సంతగానే ఉంచారు. మూడు వాక్యాలే, కానీ ఆ పిల్లవాడు నిద్రలో లేపి అడిగినా వాటి అర్థం చెబుతాడు, ఎందుకంటే అందులో ఉన్నది వాళ్లమ్మ. నాలుగో వాక్యం వాడే అడుగుతాడు, మోసాన్ని ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలని. అడగడం మొదలైతే భాష వస్తున్నట్టే.

ఇందులో కంప్యూటర్లు లేవు, స్మార్ట్ బోర్డు లేదు. టీచరమ్మకు అమెరికా ఇంగ్లిష్ రానక్కర్లేదు. తాను తెలుగు మీడియంలో చదివానని సిగ్గుపడే ఎస్‌జీటీ టీచర్లకు చెబుతున్నాం. రెండు భాషలు రావడం మీ లోపం కాదు. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి కష్టపడి నడిచి వచ్చినవాళ్లు మీరు. ఆ దారిలో రాళ్లెక్కడున్నాయో మీకే తెలుసు. క్రియ తెలుగులో చివరకు వస్తుందని, ఇంగ్లిష్‌లో మధ్యకు వస్తుందని చెప్పే ఒక్క నిమిషం వంద తిట్లకంటే ఎక్కువ పని చేస్తుంది. తెలుగు పిల్లలు 'బుక్కు' అన్నా, ఉర్దూ పిల్లలు 'ఇస్కూల్' అన్నా, అది వాళ్ల భాష అలవాటు చేసిన పలుకుబడి. సవరించండి, నవ్వకండి.

అమెరికాలో అరిజోనా రాష్ట్రం టూసాన్‌లో 1980ల చివర్లో విద్యా పరిశోధకుడు లూయిస్ మోల్, ఆయన సహచరులు టీచర్లను మెక్సికన్ కూలీల ఇళ్లకు పంపారు. ఈ ఇళ్లలో చదువు లేదని అనుకున్నవాళ్లకు సేద్యం, గనులు, మరమ్మతు, మూలికలు, సరుకుల వ్యాపారం గురించి బోలెడంత తెలివి కనిపించింది. దాన్నే పాఠాలుగా మలిచారు. మన దగ్గరా అంతే. కాకినాడ తీరంలో గంగపుత్రుల పిల్లవాడికి ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధం ఎందుకో తెలుసు. వాడికి ఇగ్లూ పాఠం చెప్పండి, తప్పు లేదు. కానీ అంతకుముందు వలల గురించి వాణ్ని నాలుగు వాక్యాలు చెప్పనివ్వండి.

మరొక ప్రమాదం, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. భాష రాకపోవడాన్ని బుద్ధి లేకపోవడంగా లెక్కగట్టడం. కాలిఫోర్నియాలో స్పానిష్ మాట్లాడే తొమ్మిదిమంది పిల్లలకు ఇంగ్లిష్‌లో తెలివితేటల పరీక్ష పెట్టి బుద్ధిమాంద్యుల తరగతిలో వేశారు. స్పానిష్‌లో మళ్లీ పరీక్షిస్తే చాలామంది అక్కడ ఉండాల్సినవాళ్లు కారని తేలింది. 1970లో డయానా కేసుగా అది కోర్టుకెక్కి, పిల్లల్ని వాళ్ల భాషలోనే పరీక్షించాలన్న ఒప్పందంతో ముగిసింది. మన దగ్గర ఇప్పుడు పట్టణాల్లో 'స్లో లర్నర్' అన్న మాట విరివిగా వినిపిస్తోంది. ఎవరైనా మీ పిల్లల గురించి ఆ మాట అంటే ఏ భాషలో పరీక్షించారని ముందు అడగండి. ఇంటి భాషలో కూడా అదే ఇబ్బంది ఉంటే నిజంగానే డాక్టరుకు చూపించండి, దాచకండి. ఇంగ్లిష్‌లో మాత్రమే ఉంటే అది నేర్పడంలో ఇబ్బంది.

విదేశాల్లో ఉన్న మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు రెండు మాటలు. అమెరికాలో పిల్లల్ని బడిలో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం నింపమంటారు. తెలుగు అని రాస్తే పిల్లల్ని వెనక తరగతిలో వేస్తారేమోనని కొందరు ఇంగ్లిష్ అని రాసేస్తున్నారు. అలా చేయకండి. ఇంగ్లిష్ రాని పిల్లలకు సాయం చేయకుండా అందరితో పాటు కూర్చోబెట్టడం సమానత్వం కాదని, శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనీస్ పిల్లల తరఫున వచ్చిన లౌ కేసులో అక్కడి సుప్రీంకోర్టు 1974లోనే చెప్పింది. ఆ సాయం మీ పిల్లల హక్కు. మీ చేతులతో మీరే వదులుకోవద్దు. రెండోది, ఇంట్లోనూ ఇంగ్లిషే మాట్లాడమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మీకు బాగా వచ్చిన భాషలో కథ చెప్పండి, తగవు తీర్చండి, ఎందుకు అన్న ప్రశ్నకు జవాబివ్వండి. ఇంగ్లిష్ ఎలాగూ బడి నేర్పుతుంది. అమ్మమ్మతో మాట్లాడే భాషను ఆ బడి నేర్పదు.

అధికారులను వేడుకునేది ఒక్కటే. మీడియం మార్చినంత వేగంగా టీచర్ల శిక్షణ మార్చండి. హైదరాబాద్‌లో 1958 నుంచి ఇంగ్లిష్ బోధన మీదే పనిచేస్తున్న సంస్థ ఉంది, ఇప్పుడది ఇఫ్లూ. గిరిజన భాషల వాచకాలు తయారుచేసిన అనుభవజ్ఞులున్నారు. ఈ ఇద్దరినీ ఒక చోట కూర్చోబెట్టండి. ప్రాథమిక తరగతుల లెక్కలు, పరిసరాల విజ్ఞానం పరీక్షల్లో పిల్లలు ఏ భాషలో జవాబు రాసినా మార్కులివ్వండి.

తల్లిదండ్రులారా, జూన్‌లో బడులు తెరుస్తారు. చేర్పించే దరఖాస్తులో మాతృభాష అని ఒక గడి ఉంటుంది. చాలాచోట్ల అడక్కుండానే అందరికీ తెలుగు అని రాసేస్తారు. పక్కన నిలబడి చూడండి. మీది గోండి అయితే గోండి అని, లంబాడీ అయితే లంబాడీ అని, ఒడియా అయితే ఒడియా అని రాయించండి. తప్పుగా రాస్తే దిద్దించాకే సంతకం పెట్టండి. ఆ భాష మాట్లాడే పిల్లలు బడిలో ఎందరున్నారో కాగితం మీద లేకపోతే ఆ భాషలో పుస్తకం రాదు, ఆ భాష తెలిసిన టీచరూ రారు.